కౌన్సిల్ గంట కొట్టేసిందెవరు?

"బావా, ఈ ఊళ్ళో నేరం ఇంకా బతికి బట్టకడుతోందంటే దానికి ఒక్కటే కారణం. ఇన్నాళ్ళూ నేను దాని జోలికి వెళ్ళకపోవడం" అన్నాడు మా బావమరిది, వాచీలు బాగుచేసే భూతద్దం కుడికంటికి బిగించుకుని, మా వంటింటి గుమ్మంలో నిలబడి. "ఇవాళ వెళ్తున్నాను. నేరానికి ఇదే ఆఖరి రోజు."

అని గుమ్మం దిగబోయి నీళ్ళ బకెట్‌లో కాలు పెట్టాడు. ఆ భూతద్దంలోంచి చూస్తే ముక్కు ముందున్న చీమకి మీసాలు కూడా కనిపిస్తాయి గానీ కాళ్ళ దగ్గరున్న బకెట్ కనిపించదు.

వాడి అసలు పని వాచీల రిపేరు. మార్కెట్ మెట్ల కింద ఒక మనిషి ఒదిగి కూర్చునే కొట్టు. జనం ఫోనుల్లో టైము చూసుకోవడం మొదలెట్టాక పని తగ్గింది, తీరిక పెరిగింది, ఆ తీరికలోంచి డిటెక్టివ్ పుట్టుకొచ్చాడు. ఒకసారి పక్కింటివాళ్ళ పిల్లి తప్పిపోతే వెతకడానికి వెళ్ళి, ఎదురింటివాళ్ళ పిల్లిని పట్టుకొచ్చి అప్పగించాడు. రెండిళ్ళవాళ్ళూ ఇప్పటికీ మాతో మాట్లాడరు. ఊరంతా వాణ్ణి భూతద్దం అనే పిలుస్తుంది. మా ఆవిడ ఒక్కతే "మా వాడు" అంటుంది, అదీ గుండెలనిండా గాలి పీల్చుకుని. ఆ ఉదయం కూడా అలాగే పీల్చుకుని, మా వాణ్ణి మీ ఆఫీసుకి తీసుకెళ్ళండి, వాడైతే ఇట్టే తేల్చేస్తాడు అంది. ఆవిడ అలా అన్నాక కాదనే ధైర్యం నాకు పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

తేల్చాల్సిన సంగతి ఇది. నేను మునిసిపల్ కౌన్సిల్లో గుమాస్తాని. మీటింగులో ఎవరేమన్నారో రాయడం నా ఉద్యోగం. మా ఛైర్మన్‌గారు మంచి మనిషి, కానీ ఆవిడ గొంతు మహా మెత్తన. పక్కనే కూర్చున్న నాకే వినపడదు, సగం ఊహించి రాస్తాను. మైకులు ఆన్ చేస్తే కుయ్యిమంటాయి. అందుకని ఆవిడ ముందు కొయ్యపిడి ఉన్న ఇత్తడి గంట ఒకటి ఉంటుంది. కౌన్సిలర్లు మురిక్కాలవల గురించీ వీధిదీపాల గురించీ గొంతులు చించుకుంటూ ఒకరి మీదికొకరు వెళ్ళినప్పుడు ఆవిడ ఆ గంట కొడుతుంది. కొట్టగానే ఎక్కడివాళ్ళక్కడ నోరు మూసుకుని కూర్చుంటారు. ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. ఆ గంట లేకపోతే మా ఊళ్ళో పరిపాలన లేదు.

ఆ గంట మాయమైంది. పోయిన మీటింగు మర్నాడు పొద్దున్న హాలు తుడవడానికి వెళ్ళిన అటెండరమ్మే చూసి, గాభరాపడి, తనే వెళ్ళి కమిషనర్‌గారికి చెప్పింది. హాలు తాళంచెవి ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు కాబట్టి, ఆయన దర్యాప్తు అక్కడితో ముగిసింది. ఇవాళ మధ్యాహ్నం మీటింగు మొదలయ్యేలోగా గంట బల్లమీద కనపడకపోతే ఆవిణ్ణి సస్పెండ్ చేస్తానని అందరి ముందూ చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆవిడ మాతో కలిసి టీ తాగడం మానేసింది. కప్పులు మా చేతికి ఇచ్చి పక్కకి వెళ్ళిపోతోంది.

ఆఫీసుకి చేరగానే భూతద్దం హాలు నేలమీద బోర్లా పడుకున్నాడు. కాసేపు పాకి, ఛైర్మన్‌గారి బల్ల కిందనుంచి తల బయటపెట్టి, అతి రహస్యంగా నన్ను పిలిచాడు.

"బావా, పొలుసులు. గోధుమరంగువి. ఇవి మనిషివి కావు."

"బల్లకి కొట్టిన వార్నిష్‌రా. పెచ్చులూడుతోంది."

"నువ్వలా అనుకోవాలనే వాళ్ళ పన్నాగం."

వాళ్ళంటే ఎవర్రా అని అడిగితే, అదృశ్య హస్తం అన్నాడు. ఇది మామూలు గంట దొంగతనం కాదట, మహా కుట్రట, ఒక నగరం నోరు నొక్కడానికి దేశదేశాల ముఠా పన్నిన వ్యూహమట. గంట పోయాక మా ఊళ్ళో నోళ్ళు ఇంకా ఎక్కువగా లేస్తున్నాయి కదా అన్నాను. అదే వ్యూహంలో రెండో మెట్టన్నాడు.

తర్వాత కమిషనర్‌గారి గదిలోకి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయాడు. నేను గుమ్మం దగ్గరే ఆగి నా ఉద్యోగం గురించి ఆలోచించుకున్నాను. గంట పోయిన రాత్రి మీరెక్కడున్నారని లోపల మా వాడి గొంతు వినపడింది. ఇంట్లో అన్నాడాయన. సాక్షి ఎవరు? మా ఆవిడ. "అంటే ఇద్దరూ కలిసే చేశారన్నమాట" అన్నాడు మా వాడు. ఆ తర్వాత వాడు బయటికి వచ్చిన వేగం చూస్తే, నడిచి వచ్చినట్టు లేదు.

ఆఖరికి అటెండరమ్మ వంతు వచ్చింది. ఆవిడ వరండాలో కడిగిన కప్పులు బోర్లిస్తోంది. మా వాడు ఆవిడ వేళ్ళని భూతద్దంలో చూసి, ఈ చేతులు చాలా పాత్రలు కడిగాయి అని తేల్చాడు. ఆవిడ నవ్వలేదు.

"గంట దొరక్కపోతే పోనీ బాబూ. నేను తియ్యలేదని మీలో ఎవరైనా నమ్ముతున్నారా, అది చెప్పండి."

"నేనెవర్నీ నమ్మనమ్మా. అది నా వృత్తి ధర్మం" అన్నాడు మా వాడు.

నేను నమ్ముతున్నానమ్మా అన్నాను. ఆవిడ నావైపు దయగా చూసింది. "మీరు నమ్ముతారు గుమాస్తాగారూ. కానీ అది మీరు రాసే మినిట్స్‌లోకి ఎక్కదుగా" అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది.

అదే సమయంలో వరండా మెట్ల దగ్గర మా వాడు పులకించిపోయాడు. మెట్ల కిందనుంచి వీధిలోకి తెల్లటి పొడి గీతలా పడి ఉంది.

"నేరస్థుడి జాడ" అన్నాడు.

అది బ్లీచింగ్ పౌడర్. పారిశుద్ధ్యం వాళ్ళు రోజూ కాలవల వెంబడి చల్లేది. ఊరంతా చల్లడానికి సరిపోదు కాబట్టి, ఆఫీసు దగ్గర మొదలెట్టి, చల్లకపోతే ఎవరు ఎక్కువ అరుస్తారో వాళ్ళ ఇంటిదాకా చల్లి ఆపేస్తారు. ఇది ఊళ్ళో దోమలతో సహా అందరికీ తెలిసిన రహస్యం. మా వాడికి చెప్పాను. విననట్టు ముందుకి నడిచాడు. వాణ్ణి ఒంటరిగా వదిలేస్తే మళ్ళీ ఎవరి పిల్లిని పట్టుకొస్తాడోనని వెనకే వెళ్ళాను.

వాడు నడుం వంచి, భూతద్దం నేలకి ఆనించినంత పని చేస్తూ, పొడిని వాసన చూసి తుమ్ముతూ, కూరగాయల బండిని ఒకసారి, కరెంటు స్తంభాన్ని రెండుసార్లు గుద్దుకుని, స్తంభానికి క్షమాపణ చెప్పి, పెద్ద వీధి, కొళాయి సందు దాటాడు. పౌడర్ గీత ఒక ఇనప గేటు దగ్గర చిన్న గుట్టలా ఆగిపోయింది.

"ఇక్కడ కూలబడ్డాడు" అన్నాడు భూతద్దం.

అది మా కౌన్సిల్ ప్రతిపక్ష నాయకుడి ఇల్లు. ఆయన్ని మేం వాకౌట్‌గారు అంటాం. ప్రతి మీటింగులోనూ ఆయన ఒక దశలో లేచి, కాగితాలతో ఛైర్మన్‌గారి బల్ల దగ్గరికొచ్చి, వాటిని బల్లమీద పరిచి, ఆ కాగితాల మీదే గుద్ది, మళ్ళీ పోగేసి గుడ్డ సంచీలో కుక్కుకుని వెళ్ళిపోతాడు. నేను ఆ ముక్క ముందే రాసి పెట్టుకుంటాను. ఆయన లేస్తే ఎవరూ తలెత్తి కూడా చూడరు. గంట పోయినప్పట్నుంచీ అందరికంటే గట్టిగా అరుస్తున్నది ఆయనే. అటెండరమ్మని తీసేసేదాకా నిద్రపోనంటున్నాడు.

మేం వెళ్ళేసరికి ఆయన ముందుగదిలో మధ్యాహ్నం ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. మమ్మల్ని చూసి, శ్రోతలు దొరికారని ఇంకాస్త గొంతు పెంచాడు. భూతద్దం చెప్పుల స్టాండు ముందు చతికిలబడి ఒక్కొక్క చెప్పునీ విచారించడం మొదలుపెట్టాడు.

"ఒక్క గంటని కాపాడుకోలేని ఈ పాలకవర్గం ఊరినేం కాపాడుతుంది? ఆ అటెండర్ని ఇవాళే ఇంటికి పంపాలి. లేదంటే ప్రజల తరఫున నేను..."

లోపల్నుంచి గణగణమని గంట మోగింది.

వాకౌట్‌గారు మాట మధ్యలో మింగేసి టక్కున కుర్చీలో కూర్చున్నాడు. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళి పెన్ను మూత తీసింది. ఇద్దరం బుద్ధిగా ఎదురుచూశాం. ఎవరి కోసం చూస్తున్నామో అప్పుడు తట్టింది నాకు.

"సార్, ఆ గంట ఎక్కడిది?"

"ఏ గంట? అదా. మా ఆవిడ కాఫీకి పిలుస్తోంది" అన్నాడాయన. అంటూనే ముఖంలో రంగు మారింది.

ఆవిడ ఒక చేత్తో కాఫీ కప్పులున్న పళ్ళెం, ఇంకో చేత్తో కొయ్యపిడి ఉన్న ఇత్తడి గంట పట్టుకుని వచ్చింది. సంగతేమిటని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. ఆయన సంచీలో కాగితాల మధ్య దొరికిందట. కౌన్సిల్ వాళ్ళు ఇచ్చారేమో అనుకుందట. "ఎన్నేళ్ళుగానో పిలుస్తున్నాను. ఈయన నోరాగితే కదా చెవి పనిచెయ్యడానికి. ఇది కొడితే చాలు, ఠక్కున ఆగి కూర్చుంటున్నారు. నా కష్టం చూసి ఎవరో పుణ్యాత్ములు పంపారనుకున్నాను."

బల్లమీద కాగితాలు పోగేసినప్పుడు వాటితోపాటు గంటనీ కుక్కుకొచ్చాడన్నమాట మహానుభావుడు. ఆయన వెళ్ళిపోయాక హాల్లో గొడవ ఉండదు, గొడవ లేకపోతే గంటతో పని ఉండదు. అందుకే ఆ పూట ఎవరూ దానికోసం చూడలేదు. ఇన్నాళ్ళూ ఇంట్లో దాని మోతకే లేస్తూ కూర్చుంటూ, అదే గంట కోసం వీధుల్లో గొంతు చించుకున్నాడు.

మా వాడు గంటని అందుకుని, భూతద్దంలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నకిలీ" అన్నాడు. "మనల్ని దారి తప్పించడానికి పెట్టారు. పద బావా."

వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాల్సొచ్చింది. వాకౌట్‌గారు నా చేతులు పట్టుకున్నాడు. నలుగురిలో పరువు పోతుందట. గంటని గుట్టుగా బల్ల కిందికి దొర్లిద్దామట, అక్కడే దొరికిందని చెబుదామట. నేను నోరు తెరిచేలోపే ఆయన భార్య పళ్ళెం కింద పెట్టేసింది.

"ఆవిణ్ణి అందరిముందూ దొంగ అనిపించి, ఇప్పుడు గుట్టుగా బల్ల కింద మంచిదనిపిస్తారా? పదండి. నేనూ వస్తాను. దారిలో మళ్ళీ వాకౌట్ చేస్తారేమో."

మధ్యాహ్నం హాలు కిక్కిరిసి ఉంది. కమిషనర్‌గారు సంతకం పెట్టడమే తరువాయి అన్నట్టు పెన్ను పట్టుకుని ఉన్నాడు. అటెండరమ్మ తలుపు పక్కన గోడని ఆనుకుని నిలబడింది. వాకౌట్‌గారు లేచి, గంటని బల్లమీద పెట్టి, జన్మలో ఎప్పుడూ వాడని గొంతుతో అసలు సంగతి చెప్పాడు. అంతే, హాలు దద్దరిల్లిపోయింది. పాలకపక్షం బల్లలు గుద్దింది, ప్రతిపక్షం అలవాటుకొద్దీ తిరిగి గుద్దింది. ఛైర్మన్‌గారి పెదవులు కదులుతున్నాయి గానీ ఆవిడ ఏమంటోందో దేవుడికే తెలియాలి.

అటెండరమ్మ నడుచుకుంటూ వచ్చి, గంట తీసి కొట్టింది.

అందరూ కూర్చున్నారు. కమిషనర్‌గారు కూడా కూర్చున్నాడు, వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా. అదృష్టవశాత్తూ ఉంది.

"నా సంచీ విప్పమని నన్నెవరూ అడగలేదు" అంది ఆవిడ. "గంట పోయిన దగ్గర్నుంచీ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నేనే విప్పి వాచ్‌మన్‌కి చూపించి వెళ్తున్నాను. టిఫిన్ డబ్బా కూడా మూత తీసి. ఇరవయ్యేళ్ళ మనవరాలు ఎదురొచ్చి చూసింది నిన్న. ఇవాళ మీరు విప్పండి. నేను చూస్తాను."

ముందు ఛైర్మన్‌గారు తన హ్యాండ్‌బ్యాగ్ బల్లమీద బోర్లించింది. అందులోంచి మేడమీది బాత్‌రూం తాళంచెవి పడింది. అది కనపడకే మేమంతా వర్షాకాలం మొదలైనప్పట్నుంచీ కిందికి దిగి వెళ్తున్నాం. ఆవిడ దాన్ని చూసి కళ్ళు ఇంతింత చేసుకుంది. తర్వాత ఒక్కొక్కరూ విప్పారు. కౌన్సిల్ ముద్ర ఉన్న చెంచాలు, పేపర్‌వెయిట్లు, మైకు మీది స్పాంజి, స్టేప్లర్లు, ఒక కర్టెన్ తాడు. కమిషనర్‌గారి బ్రీఫ్‌కేసులోంచి ఆయన పోయిందని నన్ను తిట్టిన ఆఫీసు కత్తెర. మా బావమరిది జేబులోంచి హాలు గడియారం పెద్దముల్లు, బాగుచేస్తానని ఎప్పుడో పట్టుకెళ్ళింది. నేను చేతిలోని పెన్ను కింద పెట్టేశాను. అదీ ఆఫీసుదే.

బల్లమీద కుప్ప చూసి కమిషనర్‌గారు సస్పెన్షన్ కాగితం నాలుగు మడతలు పెట్టి ఎక్కడ దాచాలో తెలియక చేతిలోనే పెట్టుకున్నాడు. ఛైర్మన్‌గారు లేచి అటెండరమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. నాకు వినపడలేదు, కానీ అటెండరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమె నిర్దోషి అనీ, కౌన్సిల్ ఆమెకి క్షమాపణ చెప్పుకుంటోందనీ తీర్మానం రాశాను, అప్పు తెచ్చుకున్న పెన్సిల్‌తో.

బయటికొచ్చాక మా వాడు, ముల్లు విషయం తన పథకంలో భాగమేననీ, దాన్ని చూపించి అందరి చేతా ఒప్పించాననీ ఎదురైనవాళ్ళందరికీ చెప్పాడు. పౌడర్ వాసన పసిగట్టే శక్తి తనకి పుట్టుకతోనే ఉందన్నాడు. మా ఆవిడ అప్పటికే వీధి చివరికి వచ్చి నిలబడి గుండెలనిండా గాలి పీల్చుకుంటోంది.

సాయంత్రం గేటు దగ్గర చిన్న వరస కట్టింది. కౌన్సిలర్లు, కమిషనర్‌గారు, నేను, ఎవరికి వాళ్ళమే సంచులు విప్పి వాచ్‌మన్‌కి చూపిస్తున్నాం. అతను ఏం చూడాలో తెలియక ప్రతిదానికీ తలూపుతున్నాడు. అటెండరమ్మ ఆ వరస పక్కనుంచి వచ్చింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఆవిడ సంచీ భుజాన సర్దుకుని, ఎవరికీ విప్పి చూపించకుండా, ఇంటికి వెళ్ళిపోయింది.