ఎల్‌బోర్న్ నది పుట్టిన చోటు

ఎల్‌బోర్న్ నది ఎక్కడ పుట్టిందన్న వివాదానికి జిల్లా కౌన్సిల్ ఏకగ్రీవంగా ముగింపు పలికింది. నది పుట్టింది చైర్మన్ రూపర్ట్ పెల్హామ్ గారి వార్డులోనే. ఇన్నాళ్లూ పక్క వార్డులో పుట్టినందుకు దాన్ని పెద్ద మనసుతో క్షమించారు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది ఎడ్నా క్రిచ్లో. ఆ నది ఇంకా వాగుగా ఉండే హాక్‌లీ ఊళ్లో, తాతల నాటి నుంచి పారే నీళ్లలో వాటర్‌క్రెస్ అనే ఆకుకూర పెంచే కుటుంబం వాళ్లది. ఇప్పుడు ఎండాకాలం వస్తే ఆమె మడులకు అందేవి మురుగు గొట్టం నీళ్లే. ఆ ఆకు అమ్మకూడదని అధికారులు ఆపేశారు. గొట్టం మూయించమని ఆమె తిరగని ఆఫీసు లేదు. నదికి గౌరవం దక్కితే తన మడులూ బతుకుతాయని ఆశపడింది.

ఆగస్టు ఎండల్లో చైర్మన్ గారు విలేకరులతో ఊట దగ్గరికి దయచేశారు. ఊటలో గొర్రెలు పడుకుని ఉన్నాయి.

"నీళ్లేవయ్యా?"

"చలికాలంలో వస్తాయండీ," అన్నాడు ఇంజనీరు టాల్బట్.

"ఫొటోగ్రాఫర్ ఇవాళే వచ్చాడు కదయ్యా."

దిగువన ఎక్కడో గలగల వినిపించింది. చైర్మన్ గారు అటు నడిచి, గొట్టం ముందు టోపీ తీశారు. "ఇదే పుట్టుక."

"అది మురుగు గొట్టమండీ," అంది ఎడ్నా. "మొన్న మొన్న వేశారు."

"చరిత్ర ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదమ్మా."

నెల తిరక్కుండా గొట్టానికి రాతి కమాను లేచింది. రోమన్ సైనికులు ఇక్కడే దాహం తీర్చుకున్నారని ఫలకం వెలిసింది. ప్రారంభోత్సవం నాడు పాదిరీ గారు ప్రార్థన చేశారు. మొదటి గ్లాసు తాగాల్సింది చైర్మన్ గారు. ఆయన గ్లాసు పైకెత్తి, కాసేపు చూసి, "మొదటి గుక్క నదీమతల్లికే" అని వాగులో పోశారు. ఆ త్యాగానికి జనం చప్పట్లు కొట్టారు.

"ఇక గొట్టం మూస్తారా?" అని ఎడ్నా టాల్బట్‌ని నిలదీసింది.

"పుట్టుకను ఎలా మూస్తామండీ? ఇప్పుడది వారసత్వ కట్టడం. మీ మడులే దాని అందానికి అడ్డం. నెలాఖరులోగా తీసెయ్యండి."

అంతలో చైర్మన్ గారే స్వయంగా పళ్లెం పట్టుకొచ్చారు.

"తినండమ్మా. వాటర్‌క్రెస్ శాండ్‌విచ్, మన ఊరి ప్రత్యేకత."

ఆమె రొట్టె విప్పి చూసింది. ఆకు నవనవలాడుతోంది.

"ఇది మన వాగు ఆకు కాదే?"

"భలేవారే," అన్నారు చైర్మన్ గారు, మూతి తుడుచుకుంటూ. "పక్క జిల్లా నుంచి తెప్పించాం. మా పిల్లలు కూడా తింటున్నారు కదమ్మా."