కడబంతికి సిగ్నల్

ఇకమీదట గాలిలో కూడా సామాజిక న్యాయం అమలు చేస్తామని మా మంత్రిగారు ప్రకటించారు. మామూలు నాయకులు నేల మీద అమలు చెయ్యడానికే నానా తంటాలు పడతారు. ఈయన దృష్టి ఎప్పుడూ పైనే. అన్న మాట ప్రకారం పేటకంతటికీ ఉచిత వైర్‌లెస్ ఇంటర్నెట్ టవర్ కట్టించి, దాని భారం ప్రజల మీద పడకూడదని తన పెరట్లోనే నిలబెట్టించుకున్నారు.

మంత్రిగారిల్లు వీధికి ఆ చివర, మాది ఈ చివర. మా తర్వాత గోడే. ఆ వారంలోనే మా ఆడపడుచుకి ప్రభుత్వోద్యోగం కోసం వీడియో ఇంటర్వ్యూ. వయోపరిమితి దాటిపోతోంది కనుక ఇదే ఆఖరి అవకాశం. ఉచితంగా వస్తోంది గదా అని మా ఆయన పాత కనెక్షన్ పీకించేశారు. ఆయన దూరదృష్టి కూడా మంత్రి స్థాయిదే.

ఒకసారి పరీక్షిద్దామని పక్కగదిలోంచి ఆమెకి వీడియో కాల్ చేశాను. “వదినా, విన...” దగ్గర నోరు తెరిచి ఆగిపోయింది. వెళ్ళి పాలు కాచి వచ్చాను. ఇంకా తెరిచే ఉంది.

టవర్ ఇంజినీరుని పిలిపించాను.

“టవర్ ఒకసారికి ఒకరికే వడ్డించగలదమ్మా,” అన్నాడు. “ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నది లోపల షెడ్యూలర్ అని ఒక ప్రోగ్రామ్ తేలుస్తుంది. సిగ్నల్ బాగున్నవాళ్ళకి ముందు. అప్పుడే పేట మొత్తం మీద స్పీడ్ ఘనంగా కనిపిస్తుంది.”

“అంటే గబగబా మింగేవాళ్ళకే మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారా?”

“గిన్నెలు తొందరగా ఖాళీ అవుతాయి కదమ్మా.”

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. మా వడ్డించేవాడు మంత్రిగారి పెరట్లో ఉన్నాడు. అందుకని ఇంజినీరుని వెంటబెట్టుకుని నేనూ మా ఆడపడుచూ అక్కడికే వెళ్ళాం.

మంత్రిగారు సోఫాలో కూర్చుని ఫోన్‌లో చేపల్ని చూస్తున్నారు. ఆ చేపలున్న అద్దాల తొట్టి ఆయన వెనకే ఉంది. దానికో కెమెరా పెట్టించి ఇంటర్నెట్ ద్వారా దర్శిస్తారు. వెనక్కి తిరిగి చూడడం ప్రగతి కాదని ఆయన సిద్ధాంతం.

“అన్యాయం!” అన్నారు మా గోడు విని. “ఏమయ్యా ఇంజినీరూ, ఈ పేటలో అందరూ సమానం. వరసగా తలా ఒక వంతు ఇవ్వు.”

ఇచ్చాడు. అందరికీ సరిసమానంగా సమయం. కాకపోతే ఆ వంతులో మంత్రిగారింట్లో సినిమా మొత్తం దిగేది. దూరం మూలాన మాకు దాని సెన్సారు సర్టిఫికెట్ దిగేది.

“టైం సమానంగానే ఇచ్చాం గదమ్మా,” అన్నారు మంత్రిగారు. “మీ గరిటె చిన్నదైతే నేనేం చెయ్యను?”

ఇంటర్వ్యూ ముందురోజు ఇంజినీరే జాలిపడి ఇంకో పద్ధతి చెప్పాడు. “ఎవర్నీ పక్కవాళ్ళతో పోల్చనమ్మా. ఎవరి మామూలుతో వాళ్ళనే పోలుస్తా. మీ సిగ్నల్ మీ మామూలు కంటే కాస్త మెరుగుపడిందా, ఆ క్షణం వంతు మీదే. అప్పటికే బాగా తిన్నవాళ్ళు కాసేపు ఆగుతారు.”

మార్చాడు. ఆ సాయంత్రం మా ఆడపడుచు తెరమీద పూర్తి వాక్యాలు మాట్లాడింది.

“వదినా, ఎంత స్పష్టంగా ఉన్నావో! తెల్లవెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.”

ప్రగతి అన్నాక కొన్ని బాధలు తప్పవు.

మర్నాడు ఇంటర్వ్యూ మొదలైంది. నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆమె చేతులు జోడించి చక్కగా నవ్వింది. సరిగ్గా అప్పుడే ఇంజినీరుకి మంత్రిగారి ఫోన్ వచ్చిందట. తర్వాత అతనే చెప్పాడు.

“నా చేపలు ఈదడం లేదయ్యా!”

“తొట్టిలో ఈదుతూనే ఉంటాయి కద సార్.”

“తొట్టిలో ఎవడు చూస్తాడు? ఫోన్‌లో ఈదాలి!”

తక్షణం ప్రజాప్రతినిధుల చేపలకి ప్రత్యేక కోటా మంజూరైంది. మా ఇంట్లో తెరమీద ‘మీ వీడియో, మాట ఆగిపోయాయి’ అని ఎర్రటి అక్షరాలు వెలిగాయి. అవతలి పెద్దల ప్రశ్నలు మాత్రం ముక్కలుముక్కలుగా వస్తూనే ఉన్నాయి. పాపం, పిల్ల ప్రతిదానికీ గొంతు పోయేలా జవాబు చెప్పింది. ఒక్కటీ గడప దాటలేదు.

“అయిపోయింది వదినా, నా పని అయిపోయింది,” అని మంచానికి అడ్డంపడి ఏడ్చింది.

ఉద్యోగం వచ్చింది.

టవర్ గురించి ఫిర్యాదులు వినడానికి కొత్తగా పెట్టిన కేంద్రంలో. దాన్ని ప్రారంభిస్తూ మంత్రిగారే సభలో సెలవిచ్చారు: “మిగతా అభ్యర్థులు వాదించారు, సంజాయిషీలు చెప్పారు, ఎదురు ప్రశ్నలు కూడా వేశారు. ఈ అమ్మాయి మాత్రం ఎన్ని అడిగినా, ఎంత గద్దించినా నోరు మెదపలేదు. నవ్వు చెరగలేదు. ప్రజల ఫిర్యాదులు వినడానికి ఇంతకంటే ఏం అర్హత కావాలి?”

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా పిల్లే గదా.

ఇన్నాళ్ళకి వడ్డించేచోట మనమనిషి ఉందన్న ధైర్యంతో మొదటి ఫిర్యాదు నేనే తీసుకువెళ్ళాను. బల్లకి అవతల కొత్త కుర్చీలో కూర్చుని ఉంది.

“అమ్మాయ్, మనింట్లో సిగ్నల్ చుక్క లేదే!” అన్నాను.

చేతులు జోడించి చక్కగా నవ్వింది.

“మీ అన్నయ్య మేడెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుని నిలబడుతున్నాడే...”

నవ్వు అలాగే ఉంది. రెప్ప కూడా పడలేదు.

నెట్ ఆగిపోయిందేమో, కాసేపట్లో వస్తుందిలే అని ఎదురుచూశాను. మా ఇద్దరి మధ్యా ఉన్నది బల్ల ఒక్కటే.