ఒంట్లో ఇనుము లేని మనిషి

ఇలా కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది. మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది మా పెద్దాసుపత్రిలోని స్కానింగ్ గది గుమ్మం. దాన్ని దాటడం ఎంత పనో దాటొచ్చిన నన్నడగండి.

నా కాలేయం మీద ఒక మచ్చ కనబడింది. మంచిదో చెడ్డదో తేలాలి. అందుకని కంటికి ఆనని ఇనుప నలుసులు కలిపిన మందును నరంలోకి ఎక్కిస్తారట. కాలేయంలో మంచి భాగం ఆ ఇనుమును తినేసి బొమ్మలో నల్లబడుతుంది. చెడ్డది తినదు, తెల్లగా మిగిలిపోతుంది. (ఇంటెడు పిల్లలకు అన్నం పెట్టినదాన్ని, తిననివాడిని అనుమానించాలని నాకొకరు చెప్పాలా?)

కింది అంతస్తులో సూది అమ్మాయి మందెక్కించింది. పై అంతస్తులో, గుమ్మానికి అడ్డంగా బల్ల వేసుకుని లోహ నివారణాధికారి కూర్చున్నాడు. లోపలున్నది పెద్ద అయస్కాంతం గనుక చెవిపోగులు, పిన్నీసులు, తలలో పిన్నులు అన్నీ తీయించాడు. ఆఖరున, "ఒంట్లో ఇనుమేమైనా ఉందామ్మా?" అని అడిగాడు.

బుద్ధున్నవాళ్లెవరైనా లేదంటారు. నేను నోరున్నదాన్ని. "ఎందుకు లేదు నాయనా, ఇప్పుడే కింద మీవాళ్లే ఎక్కించారు," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్లైన కొత్తలో కాలిలో దిగిన మేకు సంగతి కూడా మొదలుపెట్టాను. (దాన్ని అప్పుడే పీకేశారు. ఆ ముక్క చెప్పేలోపు ఆయన తలుపు మూసేశాడు.)

ఇనుమున్నవారికి ప్రవేశం లేదన్నాడు. ఇనుము లేకపోతే మచ్చ సంగతి తెలియదని నా వెంట వచ్చిన మా కోడలు వాదించింది. రెండూ నిజమేనని ఆయన ఎంతో మర్యాదగా ఒప్పుకున్నాడు. ఒంట్లోంచి ఇనుము పోయాక రమ్మన్నాడు. అప్పుడొస్తే ఇనుము లేదని కిందికి పంపి, మళ్లీ ఎక్కిస్తారట.

కోడలు నా చెవి దగ్గర వంగి, "అత్తయ్యా, ఈ ఒక్కసారికీ లేదనేయండి. నాకు నిద్ర పట్టడం లేదు," అంది. ఆ గొంతు విన్నాక ఇంకేం చేస్తాను, లేదన్నాను. ఆయన వెంటనే లేచి తలుపు తీశాడు.

లోపల గొట్టంలో పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు, మాట్లాడొద్దన్నారు. (ఊపిరి బిగబట్టడం తేలికే.)

బొమ్మలు చూసిన డాక్టరమ్మ బయటికొచ్చి, "మచ్చ కూడా నల్లబడిందమ్మా, భయం లేదు," అంది. కోడలు గోడకానుకుని ఏడ్చేసింది. నేను రిపోర్టు అడిగాను. ఇవ్వడం కుదరదట. ఒంట్లో ఇనుము లేదని అధికారి ముందు చెప్పిన మనిషి బొమ్మలో ఇంత ఇనుము కనబడితే, ఆ బొమ్మ నాది కాదని లెక్కట. ఎవరిదో విచారణలో తేలుస్తారు.

ఇదంతా గుర్తుంచుకుని కనబడినవాళ్లకల్లా చెప్పండి. నేను బాగానే ఉన్నానని మాత్రం చెప్పకండి. దానికింకా అనుమతి రాలేదు.