గ్రీకులకు కమిటీ లేని లోటు

పాఠక మహాశయులారా, ఆధునిక మానవుడు కనిపెట్టిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఏది? కరెంటా? కాదు. ఏసీయా? ఒమన్‌లో ఉంటూ ఆ మాట కాదనడానికి గుండెధైర్యం కావాలి. అయినా కాదంటాను. కమిటీ!

నవ్వకండి. ఇక్కడి నిజ్వా పట్టణంలో కాలేజీ పిల్లలకు ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యం చెప్పుకునే పంతుల్ని నేను. ఆ కథల్లో మనుషులు పడ్డ బాధలన్నిటికీ మూలం ఒక్కటే: ఏది ధర్మమో ఎవరికి వారే అప్పటికప్పుడు తేల్చుకోవలసి రావడం! శత్రువుకిచ్చిన మాట కోసం చావుకు ఎదురెళ్ళినవాడు ఒకడు. ఆజ్ఞ మీరాడని కన్నకొడుకు తల నరికించిన సేనాపతి ఇంకొకడు. ఒక్క మీటింగ్ పెట్టుకుని ఉంటే ఎన్ని తలలు మిగిలేవి!

నమ్మకం కుదరకపోతే మొన్నటి శుక్రవారం సంగతి వినండి.

మా తెలుగు సంఘం పిక్నిక్‌కని బస్సులో మస్కట్ అవతలి ఖురియాత్ సముద్రతీరానికి బయలుదేరాం. అధ్యక్షుణ్ణి నేనే. ‘గ్రీకు, రోమన్ సాహిత్యంలో నైతిక నిర్ణయాలు’ అని అక్కడ నా ఉపన్యాసం. భోజనాలకు ముందే పెట్టించుకున్నాను. తర్వాతైతే ఎవరుంటారు!

మస్కట్ ఇంకా గంట దూరం ఉందనగా, రోడ్డు పక్కన పొగలు కక్కుతున్న టాక్సీ కనిపించింది. దాని పక్కన పెద్ద అట్టపెట్టె, ఒక మనిషి. డ్రైవర్ బిలాల్ బస్సు ఆపాడు. బస్సుకు కట్టిన మా సంఘం బ్యానర్ చదివి ఆ మనిషి పరుగెత్తుకొచ్చాడు.

“సార్, గాడి ఖరాబైంది. నాకు ఫ్లైట్ ఉంది. ఎయిర్‌పోర్ట్ కాడ దింపుండ్రి, మీకు దండం పెడ్త.”

పేరు లచ్చన్న. జగిత్యాల పక్క ఊరు. ఇక్కడ సైట్‌లో మేస్త్రీ. ఊళ్ళో భార్య రజితకు నెలలు నిండాయి. మొదటి బిడ్డ పుట్టినప్పుడు కంపెనీ లీవ్ ఇవ్వలేదట. ఆ పిల్లను నడక నేర్చాకే చూశాడట. “ఈసారన్న పక్కన ఉంట అని మాటిచ్చిన సార్” అన్నాడు.

ఎయిర్‌పోర్ట్ మా దారిలోనే ఉంది. సీట్లూ ఖాళీగా ఉన్నాయి. పాతకాలపు గ్రీకువాడైతే ఇక్కడే తొందరపడేవాడు! కానీ ‘సంఘం బస్సులో సభ్యులకు మాత్రమే ప్రవేశం’ అని మా నియమావళిలో ఉంది. రాసింది నేనే.

కార్యదర్శి దేవదాసు వెంటనే వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెట్టాడు. ఎక్కించుకోవాలా? వద్దా? ఉపసంఘం వేయాలా? పక్కపక్కనే కూర్చున్నవాళ్ళం తలలు వంచుకుని ఫోన్లలో ఓట్లేశాం. ఎంత ప్రశాంతత! ఉపసంఘం భారీ మెజారిటీతో గెలిచింది. అందులో ఎవరుండాలన్న చర్చ మొదలైంది. కింద ఎండలో లచ్చన్న మాటిమాటికీ టైమ్ చూసుకుంటున్నాడు.

అప్పుడు జరిగింది ఘోరం! మా ఆవిడ మంగతాయారు లేచి, చరచరా కిందికి దిగింది.

“ఆ పెట్టె ఓ పక్క నేను పడతాను. ఎక్కవయ్యా, ఎక్కు!”

“మంగా, మన నియమం...” అన్నాను, వాళ్ళిద్దరూ పెట్టెతో బస్సెక్కుతుంటే.

“దాన్ని ఈ రోడ్డు మీదే దింపేయండి. బిలాల్, చలో!”

బిలాల్ “జీ మేడమ్!” అని గేరు మార్చేశాడు. అధ్యక్షుడి వైపు చూడనైనా చూడలేదు.

నా పరిస్థితి ఊహించండి! ఆ రోమన్ సేనాపతిలా కఠినంగా ఉండాల్సినవాణ్ణి. కొడుకుల్ని శిక్షించిన వీరులున్నారు గానీ, ఒళ్ళో పులిహోర గిన్నె పెట్టుకున్న భార్యను శిక్షించిన వీరుడు నేను చదివినంతలో ఎక్కడా తగల్లేదు.

ఎయిర్‌పోర్ట్‌లో దిగి లచ్చన్న పెట్టె భుజాన వేసుకుని పరుగందుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి మాకందరికీ చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం, ఏదో మేమే ఎక్కించుకున్నట్టు!

ఖురియాత్ చేరేలోపే మంగతాయారు ఫోన్‌కి, బస్సులో ఆమె నంబరు తీసుకున్న లచ్చన్న నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. “అమ్మా, ఫ్లైట్ల కూసున్న. బిడ్డ పుట్టంగనే ఫస్టు నీకే ఫోన్ జేస్త.”

నా ఉపన్యాసం అద్భుతంగా సాగింది. చివర్లో ఓ గ్రీకు నాటకం కథ చెప్పాను. యుద్ధంలో చచ్చిన ఒకణ్ణి ఎవరూ పూడ్చకూడదని రాజు శాసనం. అతని చెల్లెలు లెక్కచేయలేదు. అన్న శవం మీద పిడికెడు మట్టి చల్లింది, ప్రాణం పోగొట్టుకుంది. సభ్యులంతా కళ్ళు తుడుచుకున్నారు. అందరికంటే ఎక్కువ కదిలిపోయింది దేవదాసే.

“రాజు సరే, ఊళ్ళో పెద్దమనుషులు లేరా మాస్టారూ? వాళ్ళేం చేశారు?”

“ఉన్నారు. గుంపుగా ఓ పక్కన నిలబడి, ఏది తప్పో ఏది ఒప్పో శ్రావ్యంగా పాడారు.”

“పాడి?”

“మళ్ళీ పాడారు.”

మంగతాయారు మజ్జిగ జగ్గు పట్టుకుని లేచింది.

“అయ్యో పాపం, పాడీ పాడీ గొంతులు ఎండిపోయి ఉంటాయి” అంటూ మొదటి గ్లాసు నా చేతిలోనే పెట్టింది.