బల్లిగారి పొంతన కొలువు

ఒక పెద్ద అడవిలో నేనొక చిన్న బల్లిని. పురుగులు పట్టడం తప్ప మరో విద్య రాదు.

ఒకరోజు సింహం కొలువులో ఎవరిదో పెళ్లి సంగతి నడుస్తోంది. నా గొంతులో దోమ అడ్డం పడి "కిచ్ కిచ్" మన్నాను.

"బల్లి పలికింది! ఈ సంబంధం ఖాయం!" అని మంత్రి నక్క లేచి దండం పెట్టింది.

ఆ పూటే నన్ను ఆస్థాన జ్యోతిషుణ్ణి చేశారు. నాకేమీ తెలీదని చెబుదామనుకున్నాను. అంతలో శాలువా కప్పారు.

తర్వాత నక్క శాసనం తెచ్చింది. పెళ్లయి ఎన్నేళ్లయినా సరే, జాతకాలు కుదరని జంటలు విడిపోవాల్సిందే. కుదిరాయో లేదో చెప్పాల్సింది నేను. కళ్లు మూసుకుని, వేళ్లు మడిచి, నోటికొచ్చిన గుణాలు చెప్పేవాణ్ణి.

ఏదుపంది ముళ్లయ్య, అతని భార్య పేరిందేవి వచ్చారు.

"పధ్నాలుగు గుణాలే. చాలవు," అన్నాను.

"స్వామీ, గుచ్చుకోకుండా పక్కపక్కన పడుకోవడం నేర్చుకోడానికే మాకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు విడిపొమ్మంటారా?" అన్నాడు ముళ్లయ్య. పేరిందేవి కళ్లు తుడుచుకుంది.

నాకు మనసు చివుక్కుమంది. కానీ శాలువా వెచ్చగా ఉంది.

మర్నాడు వరసలో మా ఆవిడ వరాలమ్మ నిలబడింది.

"నువ్వెందుకొచ్చావే?"

"మనకెన్ని గుణాలో చెప్పండి. అందరూ వినేలా చెప్పండి."

"ముప్ఫై ఆరుకి ముప్ఫై ఆరు!"

"అలాగా. ఇంతకీ నా నక్షత్రమేమిటండీ?"

మళ్లీ కళ్లు మూసుకుని వేళ్లు మడిచాను. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ మొరపెట్టుకోడానికి పేరిందేవితో వచ్చి వరసలో ఉన్న ముళ్లయ్య, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని నా మీదికి వచ్చాడు. భయంతో నా తోక ఊడిపోయింది. దాన్నక్కడే వదిలేసి చెట్టెక్కేశాను.

ఊడిన తోక ఎగిరెగిరిపడి, వెళ్లి పేరిందేవి పాదాల దగ్గర ఆగింది.

"తోక పలికింది! జంట కుదిరింది!" అని నక్క అరిచింది. ముళ్లయ్య నన్ను మరిచిపోయి పేరిందేవి పక్కకు చేరాడు. ఇద్దరూ ఇంటికెళ్లిపోయారు.

నా శాలువా తోకకు కప్పారు. అది ఇక కదల్లేదు. కాదనలేదు కాబట్టి వచ్చిన జంటలన్నీ కుదిరినట్టేనని తేల్చారు.

కొమ్మ మీద నా పక్కన కూర్చుని వరాలమ్మ అంది: "మీకంటే అదే బాగా చూస్తోందండీ."

నీతి: జాతకాలు చూడ్డానికి తల ఉండి తీరాలన్న నియమమేమీ లేదు.