వియత్నాం నుంచి డివిజన్ సేవ

ప్రజలకు మరింత దగ్గర కావడానికి తాను వియత్నాం వెళ్ళిపోతున్నట్టు కార్పొరేటర్ హనుమత్ప్రసాద్ గారు పంజాగుట్టలోని ఒక హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. విలేకరులు పకోడీలు పక్కన పెట్టి రాసుకున్నారు.

"ఇక్కడుంటే జనం మా గేటు దాకా రావాలి, గంటసేపు నిలబడాలి, అప్పుడు నేను లేనని తెలుసుకుని వెళ్ళాలి. ఎంత శ్రమండీ! అక్కడి నుంచయితే ఒక్క బటన్ నొక్కితే చాలు. నేను ఉన్నానో లేనో క్షణంలో తెలిసిపోతుంది" అన్నారాయన.

ఖర్చు సంగతి కూడా దాచలేదు. పంజాగుట్టలో ఫ్లాటు అద్దె, కారు డీజిలు, వినాయకుడి చందా, బోనాల చందా, పెళ్ళిళ్ళ చదివింపులు. అదే వియత్నాంలో అయితే ఇందులో సగానికే సముద్రం కనిపించే ఇల్లు, రెండు పూటలా చేపల కూర.

"ఆదా అయ్యేదంతా ప్రజల సొమ్మే" అన్నారు.

"అయితే ప్రజలకిస్తారా?" అని కొత్తగా చేరిన విలేకరి ఒకడు అడిగాడు.

"వాళ్ళ తరఫున నేనే దాస్తాను."

ఇదేదో రాత్రికి రాత్రి పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో 'చవక దేశంలో రిమోట్ వర్క్' అనే నలభై అయిదు రోజుల కోర్సు చేసి, సర్టిఫికెట్ కూడా పుచ్చుకున్నారు. పాఠం చెప్పిన సారు జన్మలో అమీర్‌పేట దాటి ఎరగడు. ఎక్కడికీ వెళ్ళకుండా అన్నీ చెప్పగలగడమే రిమోట్ వర్క్ అంటే, అని హనుమత్ప్రసాద్ గారు ఆయన్ను మెచ్చుకున్నారు.

ఇంత జరుగుతుంటే వెనకాల శాలువాలు మోస్తూ నిలబడ్డవాడు పెంటయ్య. ఇరవై ఏళ్ళుగా ఆ పార్టీ జెండా మోస్తున్నాడు కాబట్టి శాలువాలు అతనికి బరువనిపించవు. ఆ సభలోనే అతనికి 'గ్రౌండ్ కోఆర్డినేటర్' అనే పదవి దక్కింది. పంజాగుట్ట ఆఫీసు ఎత్తేసి, బల్కంపేటలో పెంటయ్య ఇంటి ముందుగదినే పార్టీ ఆఫీసు చేశారు. ఒక స్టాండు, దాని మీద ఒక ట్యాబ్. ఆ ట్యాబే ఇక కార్పొరేటర్.

పదవి కోసం ఒప్పుకున్నాడనుకునేరు, పెంటయ్య కష్టం వేరు. అతని గల్లీలో మోరీ పొంగని రోజు లేదు. వాన పడితే మురుగు నేరుగా ఇంట్లోకొచ్చి మంచాల కింద తిరుగుతుంది. కూతురు సుకన్యకు ఎనిమిదో నెల, తొలిచూలు. సనత్‌నగర్లో ఉండే వియ్యపురాలు ఫోన్లో కచ్చితంగా చెప్పేసింది.

"అన్నా, నువ్వేమనుకున్న సరే. పసిగుడ్డును తీస్కపోయి మోరీ నీళ్ళల్ల పండవెడ్తమా? మోరీ బాగయితే పురుడుకు తోల్తం, లేకుంటే ఈడనే."

ఆ మాటకు భార్య మంగవ్వ రెండు రోజులు అన్నం తినలేదు. తొలికాన్పు కూడా చేయలేని తండ్రినయ్యానే అని పెంటయ్య లోలోపల కుమిలిపోయాడు. అందుకే ఎయిర్‌పోర్టులో సారు బ్యాగు చేతికిస్తూ సంగతి కదిపాడు.

"సార్, జర మా గల్లీ మోరీ..."

"పెంటయ్యా, దిగగానే మొదటి ఫైలు నీదే" అన్నారు హనుమత్ప్రసాద్ గారు. భార్య కమలకుమారి గారితో సహా ఎగిరిపోయారు.

అది మొదలు డివిజన్లో సేవ జోరందుకుంది. పెంటయ్య ట్యాబును చంకనెత్తుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళేవాడు, అది అతని చేత అక్షింతలు వేయించేది. టైలరు షాపు ప్రారంభానికి వెళ్తే రిబ్బను పెంటయ్య కత్తిరించేవాడు, చప్పట్లు ట్యాబుకు పడేవి. ఒకచోట సిగ్నల్ పోయి సారు నోరు తెరిచినట్టే గంటసేపు ఆగిపోయారు. అంత ఓపిగ్గా తమ మాట విన్న నాయకుణ్ణి ఎన్నడూ చూడలేదని బస్తీవాళ్ళు చెప్పుకున్నారు.

మోరీ ఊసెత్తితే మాత్రం సారు కెమెరాను వీధి వైపు తిప్పేవారు.

"చూశావా పెంటయ్యా, ఇక్కడ ఒక్కటీ పొంగదు. దీన్ని బాగా స్టడీ చేస్తున్నాను. ప్రస్తుతం నాకు బ్యాండ్‌విడ్త్ లేదు."

అట్లా నెల గడిచింది. సారు పుట్టినరోజు వచ్చింది. దంపతులిద్దరూ ఓడెక్కి దీవుల్లోకి వెళ్తున్నారని, రెండు రోజులు సిగ్నల్ ఉండదని ముందే కబురొచ్చింది. నాయకుడు లేకపోయినా పుట్టినరోజు ఆగదు కదా. కార్యకర్తలు ట్యాబులో సారు నవ్వే ఫోటో పెట్టి, బంతిపూల దండ వేశారు. మంగవ్వ శుభమని బొట్టు పెట్టి, దీపం వెలిగించి, రెండు అగరొత్తులు గుచ్చింది. దుర్గేష్ అనే కార్యకర్త దాన్ని ఫోటో తీసి, 'అన్నా, మా గుండెల్లో ఎప్పటికీ ఉంటారు' అని రాసి గ్రూపులో పెట్టాడు.

రెండు నిమిషాల్లో మొదటి 'ఓం శాంతి' వచ్చింది. పది నిమిషాల్లో నూట నలభై. మధ్యాహ్నానికి టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి. సాయంత్రం మంత్రి గారి ఆఫీసు నుంచి సంతాపం వచ్చింది.

పెంటయ్య నిజాయితీపరుడు. కనపడ్డవాడికల్లా చెప్పాడు.

"అయ్యా, మా సారు బతికే ఉన్నడు."

"నిజమే పెంటయ్యా, మన మనసుల్లో ఉన్నారు" అని భుజం తట్టి వెళ్ళారు జనం.

"పార్థివదేహం ఎక్కడుందండీ?" అని విలేకరి అడిగాడు.

"సారు వియత్నాంల ఉన్నడు."

"మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"నిన్ననే. మోరీ గురించి."

మర్నాడు పొద్దున పత్రికలో 'చివరి శ్వాస వరకూ మోరీయే ధ్యాస' అని అచ్చయింది. వియత్నాంకు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు.

పెంటయ్య పత్రిక మడిచేలోపు గల్లీలోకి జేసీబీ వచ్చింది. వెనకే ఇంజనీరు ప్రమోద్ దిగాడు. మోరీకి ఎస్టిమేట్ తయారవుతోందని రెండేళ్ళుగా చెబుతున్న మనిషి ఇతనే.

"పెంటయ్య గారూ, రేపు పదకొండింటికి మంత్రిగారు నివాళికి వస్తున్నారు. ఆయన చెప్పు ఈ మురుగులో పడిందంటే నేను ఆదిలాబాద్‌లో తేలతాను. కొత్త పైపులు వేసేస్తున్నాం. పైన సిమెంటు రోడ్డు కూడా."

మొదటిసారి తనను గారూ అన్న ఆఫీసరు మొహం చూసి పెంటయ్య నోరు తెరిచాడు. సారు బతికే ఉన్నాడన్న మాట గొంతు దాకా వచ్చింది. వాకిట్లో మంగవ్వ పైపుల వంక గుడిలో దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది. ఆ మాటను పెంటయ్య మింగేశాడు.

"పైపు మంచి వెడల్పుదేయుండ్రి సార్. మా సారుకు చిన్న పైపులంటె ఇష్టముండేది కాదు" అన్నాడు.

మర్నాటికి గల్లీ అంతా సిమెంటు పడింది. పెంటయ్య ఇంటి ముందర ఆఖరి రెండు పైపులే మిగిలాయి, అక్కడ గొయ్యి తెరిచే ఉంది. దాని మీద పలక వేసి, పలక మీద ఎర్ర తివాచీ పరిచి మంత్రి గారిని దాటించారు. మంత్రి గారు పూలగుచ్ఛం ట్యాబు ముందు పెట్టి కళ్ళు మూసుకున్నారు. మూడు వేల మంది జనం కిక్కురుమనడం లేదు.

సరిగ్గా అప్పుడు ట్యాబు మోగింది.

పూల మధ్య నుంచి 'హనుమత్ప్రసాద్ సార్ కాలింగ్' అని వెలుగుతోంది. మంత్రి గారు ఒక కన్ను తెరిచారు. ప్రమోద్ గోడకు చేరబడ్డాడు. పెంటయ్య లెక్క వేసుకున్నాడు. ఎత్తితే సారు బతుకుతాడు, ఆ రెండు పైపులు లారీ ఎక్కి వెళ్ళిపోతాయి, సుకన్య సనత్‌నగర్లోనే కంటుంది. ఇరవై ఏళ్ళలో పైనుంచి ఆదేశం లేకుండా పెంటయ్య ఏ పనీ చేయలేదు. ఇప్పుడు చెయ్యి చాపి ఎర్ర బటన్ నొక్కేశాడు.

"ఎవరయ్యా అది?" అన్నారు మంత్రి గారు.

"ఛార్జింగ్ అయిపోయింది సార్."

"అవును, మనందరికీ ఏదో ఒకనాడు..." అని మంత్రి గారు కళ్ళు తుడుచుకున్నారు. వచ్చే ఎన్నికల్లో టికెట్ కమలకుమారి గారికేనని అక్కడే ప్రకటించి కారెక్కారు.

ఆఖరి పైపు మీద మట్టి కప్పి, సిమెంటు పోసి, కూలీలు తట్టలు సర్దుకున్నాక గానీ పెంటయ్య ఫోను ఎత్తలేదు. తిట్లు పడతాయని ట్యాబును కొంచెం దూరంగానే పెట్టుకున్నాడు. జరిగిందంతా హనుమత్ప్రసాద్ గారు ఓడలో పడక కుర్చీలో కూర్చుని విన్నారు.

"ఎంతమంది వచ్చారు?"

"మూడు వేలు సార్."

"నేనక్కడ ఉండగా మూడొందలు దాటలేదు కదయ్యా" అని ఆయన కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. "పేపర్లో ఏం రాశారు?"

పెంటయ్య చదివి వినిపించాడు. సారు రెండోసారి చదివించుకున్నారు.

"బాగా రాశారు. ఇప్పుడే తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పకు. కమల ఏడుపు ప్రాక్టీస్ చేస్తోంది, నాలుగు రోజుల్లో పంపిస్తాను."

మూడో రోజు సుకన్య పుట్టింటికి వచ్చింది. ఆటో కుదుపు లేకుండా వాకిట్లోకి వచ్చి ఆగింది. వియ్యపురాలు దిగి రోడ్డు మీద చెప్పు కాలితో రెండుసార్లు తొక్కి చూసింది. లోపలికొచ్చి సారు ఫోటోకు దండం పెట్టింది.

"మంచి మనిషి. పోయినంక మాట నిలవెట్టుకున్నడు" అంది.

మంగవ్వ కూతురి తల నిమురుతూ ఏడ్చింది. పెంటయ్యకు కూడా కళ్ళు చెమర్చాయి. అది సంతోషమే, కానీ అందులో ఎక్కడో సిగ్గు కూడా ఉంది.

ఆ మధ్యాహ్నమే వెనక గల్లీ నుంచి సత్తెమ్మ అనే పెద్దావిడ ఇరవై మందిని వెంటేసుకుని వచ్చింది. చేతిలో వినతిపత్రం ఉంది. చదువుకున్న పిల్లతో రాయించినట్టుంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. 'మా గల్లీకి సుత ఒక సంతాపసభ మంజూరు చేయగలరని ప్రార్థన.'

"మాది మీకన్న పాత మోరీ పెంటయ్యా. పదిహేనేండ్ల సంది పొంగుతున్నది. జర సారుకు చెప్పు" అంది సత్తెమ్మ.

ఆవిడ ఏ సారుకు చెప్పమందో పెంటయ్యకు అర్థం కాలేదు. కాగితం తీసుకుని లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, దండ పక్కకు జరిపి ట్యాబుకు చూపించాడు. హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక వినతిపత్రాన్ని పూర్తిగా చదవడం పెంటయ్య చూడటం ఇదే మొదలు.

"న్యాయమైన కోరిక పెంటయ్యా. నా పెద్దకర్మ వాళ్ళ గల్లీలో పెట్టించు" అన్నారు.