పొరపాటు ఎక్కడో చెప్పను!

పాఠకులారా! కంప్యూటరు తెరమీద "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని కనిపించినప్పుడల్లా మీరు నోరారా తిట్టుకునే మనిషిని నేనే. నాకేం సిగ్గులేదు. సన్మానం చెయ్యకపోయినా ఫరవాలేదు, కాస్త కృతజ్ఞతైనా ఉండొద్దూ?

ప్రవేశపరీక్షల దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటుకి ప్రోగ్రాం రాయడం నా ఉద్యోగం. ఫారం చదవడం, ఫోటో చూడడం, సంతకం చూడడం, అన్నీ కలిపి ఒకే ముద్దగా రాస్తాను. ఎక్కడ బెడిసికొట్టినా బయటికొచ్చేది ఆ ఒక్క వాక్యమే. ఎంత పొదుపు!

నా పక్క సీటావిడ సంగతి వేరు. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి మెట్ల మేడమ్ అంటారు. ప్రతి పనినీ మెట్టు మెట్టుగా విడదీసి రాస్తుంది. "రెండో మెట్టులో ఆగింది. ఫోటో సైజు ఎక్కువ. తగ్గించి పంపండి" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. జనం రెండు నిమిషాల్లో సరిచేసుకుని లేచిపోతారు. ఇదేం పద్ధతండీ? ఇలాగైతే ఓర్పు ఎప్పుడు నేర్చుకుంటారు?

నా వాక్యం చదివినవాళ్లు అంత సులువుగా లేవరు. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. ఇంటర్నెట్ వాణ్ణి పిలిచి చీవాట్లు పెడతారు. ఒకాయన ఎందుకైనా మంచిదని మీసం తీసేసి కొత్త ఫోటో దిగొచ్చాడు. ఒకావిడ తన పుట్టినతేదీ మీదే అనుమానమొచ్చి, పదేళ్లుగా మాటల్లేని పెద్దమ్మకి ఫోన్ చేసింది. కుటుంబాలు కలుపుతున్నాను, గమనించారా?

పైగా ఆఫీసులో ఎంత ప్రశాంతత! తప్పు ఎక్కడుందో తెలిస్తేగా అది ఎవరిదో తెలిసేది?

"ఈ ముద్దలో ఎక్కడేముందో మీకైనా తెలుసాండీ?" అని మేడమ్ ఓసారి అడిగింది.

"ఆ అవసరం రాలేదండీ" అన్నాను. పదమూడేళ్ల సర్వీసులో నిజంగానే రాలేదు.

మొన్న ఆదివారం వచ్చింది. మా అమ్మాయి నర్సింగు ప్రవేశపరీక్షకి దరఖాస్తు పెడుతోంది. సాయంత్రం ఐదింటికి ఆఖరు గడువు. మూడింటి నుంచీ తెరమీద నా వాక్యమే. ఫోటో మార్చింది, సంతకం మార్చింది, చివరికి కంప్యూటరే మార్చింది.

"నాన్నా, ఇది నువ్వు రాసిందేగా! ఎక్కడ ఆగిందో కాస్త చూడవా?" అంది ధీమాగా.

"ఏం పొరపాటో చెబితే ఆ రాసినవాడి నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది మా ఆవిడ, నా వంక చూడకుండానే.

ల్యాప్‌టాప్ తెరిచి నా ముద్దలోకి నేనే దిగాను. తలా తోకా దొరకలేదు. పరువు పక్కనపెట్టి మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఎన్నో మెట్టులో ఆగిందండీ?" అని అడిగింది. ఏమని చెప్పను? అందులో మెట్లుంటేగా!

ఐదయింది. దరఖాస్తు పేజీ మూతపడింది.

"ఏమైంది నాన్నా?" అంది అమ్మాయి.

నాకొచ్చిన వాక్యం ఒక్కటే. అదే చెప్పాను.

"ఏదో పొరపాటు జరిగిందమ్మా. మళ్లీ ప్రయత్నిద్దాం."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడు."